రేనాటి గడపలు – 9: గండికోట గుర్రాలు, గుమ్మం మీది నాడా

గుర్రాలను ఓడల్లో తెచ్చి దక్షిణాది రాజులకు అమ్మే అరబ్బు, పారశీక వర్తకులు ఒక్క సంగతిలో మాత్రం గట్టిగా ఉండేవాళ్లు. గుర్రాన్ని అమ్ముతారు గానీ, దాని గిట్టకు లాడం కొట్టే మనిషిని ఇటు రానివ్వరు. 13వ శతాబ్దం చివర్లో ఈ తీరాల వెంట వెళ్లిన మార్కోపోలో ఈ మాట రాసిపెట్టాడు. ఆయన చెప్పింది తమిళనేలను ఏలిన పాండ్యుల గురించి. వాళ్లకు గుర్రాన్ని సాకడం చేతకాదు, తెచ్చినవాటిలో చాలావరకు ఏడాది తిరగకుండానే చచ్చిపోతాయి, మళ్లీ కొనక తప్పదు. వర్తకులకు కావలసిందీ అదే. అదే ప్రయాణ కథలో మన మోటుపల్లి రేవూ, కాకతీయ రుద్రమదేవిగా చరిత్రకారులు పోల్చుకున్న రాణీ కనిపిస్తారు. వంచిన ఇనుపబద్ద ఒకటి, గుప్పెడు మేకులు: ఒక రాజ్యపు అశ్వబలం వాటిమీద ఆధారపడి ఉండేదంటే, ఆ ఇనుపముక్కకు తరవాతి కాలంలో అంత మహిమ ఎందుకు అంటుకుందో కొంత అర్థమవుతుంది.

ఈ ధారావాహికలో ఇంతవరకు రేనాటి శాసనాలు, కోటగోడలు, ధాన్యపు కొట్లు చూశాం. ఈసారి గుమ్మాల దగ్గర ఆగుదాం. ప్రొద్దుటూరు అంగళ్ల వీధుల్లో నడుస్తూ తలెత్తి చూడండి. ఉట్టిలో బూడిద గుమ్మడికాయ, తలకిందులుగా వేలాడే కలబంద, నల్లతాడుకు కట్టిన పటిక, నిమ్మకాయ కింద గుచ్చిన మిరపకాయలు, గవ్వల దండ. వాటి నడుమ అక్కడక్కడా ద్వారబంధానికి మేకులు కొట్టి బిగించిన గుర్రపు నాడా. మిగతావన్నీ మన చేలల్లో పండేవో సంతలో దొరికేవో. నాడా సంగతి వేరు. గుర్రం మన రైతు ఇంటి జంతువు కాదు. నల్లరేగడి చేలో దాంతో పని లేదు, దాని దాణా ఖర్చు మామూలు సంసారం భరించేది కాదు. అది రాజుది, దండుది, దొరది. మరి దాని కాలి ఇనుము సామాన్యుడి గడప మీదికి ఎలా వచ్చిందన్నది చరిత్ర విద్యార్థి అడగవలసిన ప్రశ్నే.

విజయనగర కాలానికి వద్దాం. 1535 ప్రాంతంలో ఆ నగరంలో ఉన్న ఫెర్నావో నూనిజ్ అనే పోర్చుగీసువాడు స్వయంగా గుర్రాల వర్తకుడు. రాయలు ఏటా 13,000 గుర్రాలు కొంటాడని, వాటిలో మేలైనవి తన లాయానికి ఉంచుకుంటాడని ఆయన రాశాడు. అంతకుముందు సాళువ నరసింహరాయల కాలంలో ఇంకో ఏర్పాటు ఉండేదట. వెయ్యి పర్దావు నాణేలకు మూడు గుర్రాలు, బతికున్నా చచ్చినా సరే. దారిలో సముద్రం మీద చచ్చిన గుర్రానికి తోక కోసి తెచ్చి చూపిస్తే చాలు, డబ్బు ముట్టేది. చచ్చిన గుర్రం తోకకే అంత ధర పలికిన లోకంలో, బతికున్న గుర్రం కాలి నుంచి రాలిన ఇనుము ఊరికే పారేసే వస్తువు ఎలా అవుతుంది?

ఆ గుర్రాలు పెన్న ఒడ్డుకు వచ్చింది పెమ్మసానివారి చేతుల మీదుగా. గండికోటను ఏలిన ఆ నాయకులు రాయలవారి దండుకు కాల్బలం, గుర్రపుబలం సమకూర్చవలసినవాళ్లు. జమ్మలమడుగుకు కూతవేటు దూరంలో, ఎర్రమల కొండలను పెన్న నిలువునా కోసిన చోట ఆ కోట ఉంది. ఇప్పటికీ అక్కడ నడిస్తే కాలి కింద తగిలేది బండే. చదును చేసిన దారి మీద కూడా రాయి పైకి తేలి ఉంటుంది. అలాంటి చోట లాడం లేని గుర్రం నాలుగు రోజులు నడవలేదు. గిట్ట అంచు పెచ్చులూడుతుంది, చీలిక పైకి పాకుతుంది, జంతువు కుంటుతుంది. కాబట్టి కోట ఉన్నచోట నాల్‌బంద్ ఉండాలి. దక్కన్ సుల్తానుల దండుల్లో, నవాబుల లాయాల్లో తరతరాలుగా ఆ విద్య చేతబట్టుకున్న ముస్లిం పనివాళ్లకు ఆ పేరు. కొలిమి, సుత్తి, ఆకురాయి, గిట్ట చెక్కే కత్తి వాళ్ల సరంజామా. గుర్రం కాలు ఎత్తి తన తొడల మధ్య ఇరికించుకుని పనిచేసే ఆ మనిషి అంటే పిల్లలకు భయమూ ఉంటుంది, గౌరవమూ ఉంటుంది. ఏ దేశంలోనైనా కొలిమి దగ్గరి మనిషికి మంత్రం తెలుసని జనం అనుకోవడం ఇలాగే మొదలై ఉంటుందని నా నమ్మకం.

గండికోటలో లోహానికీ మహిమకూ ముడిపడిన కథ ఒకటి నేరుగా చరిత్రకెక్కింది. 1650లో గోల్కొండ సేనాని మీర్‌జుమ్లా కోటను పట్టాడు. 1652లో ఫ్రెంచి నగల వర్తకుడు తావెర్నియే ఆయన్ను చూడటానికి అక్కడికే వచ్చాడు. మీర్‌జుమ్లాకు ఫిరంగులు కావాలి. గుళ్లలోని రాగి విగ్రహాలను పోగుచేయించి, క్లాడ్ మాయె అనే ఫ్రెంచివాణ్ణి పోతపోయమన్నాడు. చుట్టుపక్కల నుంచి తెచ్చినవి కరిగాయి. గండికోట గుడివి ఆరు పెద్ద విగ్రహాలు మాత్రం ఎంత మంట పెట్టినా కరగలేదు. పూజారులు మంత్రం వేశారని మీర్‌జుమ్లా బెదిరించాడు, అయినా పని జరగలేదు. చివరికి తయారైన ఫిరంగి కూడా పరీక్షలోనే పగిలిందని తావెర్నియే రాశాడు. కొలిమి వేడి చాలలేదేమో, లోహంలో మిశ్రమం వేరేమో. కారణం ఏదైనా, గోల్కొండ సేనానీ, కొండకింది ఊళ్ల జనమూ ఒక్క మాట మీద నిలబడ్డారు. లోహంలో ఏదో ఉంది, దాన్ని మంత్రంతో కట్టొచ్చు. పాలకుడికి ఒక నమ్మకం, పాలితుడికి ఇంకొకటి అని మనం గీసుకునే గీత ఆ రోజుల్లో అంత స్పష్టంగా లేదు.

ఆ తర్వాత నూటయాభై ఏళ్లు ఈ సీమ గుర్రాల కాళ్ల కింద నలిగింది. కడప మయానా నవాబులు, 1757లో నవాబు అబ్దుల్ మజీద్ ఖాన్‌ను యుద్ధంలో చంపిన మరాఠాలు, హైదర్, టిప్పు, నిజాం, చివరకు 1800లో కుంఫిణీ. దండు పోయిన దారిలో లాడాలు రాలడం మామూలు. మేకు వదులైతే గుర్రం పరుగులో ఉండగానే ఊడి పడుతుంది. దండు మళ్లీ వెనక్కి వచ్చి ఏరుకోదు. దొరికిన ఇనుమును రైతు కమ్మరికి ఇచ్చి కొడవలి చేయించుకోవచ్చు, గుమ్మానికి కొట్టుకోవచ్చు. ఊరిమీద పడి దోచిన గుర్రం కాలి ఇనుమునే ఇంటికి కాపలా పెట్టడంలో ఒక తెగువ ఉంది. నాకు ఈ ఆచారంలో నచ్చేది అదే.

దండులు పోయాక గుర్రం జట్కాకు దిగింది. మద్రాసు నుంచి బొంబాయి వైపు వేసిన రైలుమార్గం ఎర్రగుంట్ల, ముద్దనూరుల మీదుగా పోయింది గానీ ప్రొద్దుటూరు, జమ్మలమడుగులను తాకలేదు. రైలు దిగినవాళ్లు జట్కాయో ఎద్దులబండో ఎక్కి ఊరు చేరాలి. ప్రొద్దుటూరులోకి రైలు వచ్చింది 2016లో. జట్కాలు నడిచినంతకాలం గుర్రపు లాడం ఇక్కడ బతికిన పనిముట్టు. దానికి తోడు ఎద్దు లాడం. పొలంలో ఎద్దుకు లాడం అక్కర్లేదు. కంకరదారి మీద బరువు లాగేటప్పుడే కావాలి. ఎర్రగుంట్ల చుట్టూ గనుల్లో తీసే కడపబండలను మోసిన ఎద్దులకు అది లేకుంటే గిట్ట వారంలో అరిగిపోయేది.

ఆ పని చూసినవాళ్లు మరిచిపోరు. గుర్రం నిలబడి ఉండగానే లాడం కొడతారు. ఎద్దు అలా ఒప్పుకోదు. పగ్గం నడుముకు చుట్టి, ఒడుపుగా లాగి ఒక పక్కకు పడదోస్తారు. ఒకడు కొమ్ములు పట్టి మెడ మీద కూర్చుంటాడు. నాలుగు కాళ్లూ జోడించి తాడుతో బిగించి, మధ్యలో కర్ర దూరుస్తారు. ఎద్దు గిట్ట చీలి ఉంటుంది గనుక ఒక్కో కాలికి రెండు లాడాలు, మొత్తం ఎనిమిది. ఒక్కోటి అర్ధచంద్రంలాంటి పలచని రేకు. పనివాడు ముందు గిట్టను చెక్కి చదును చేస్తాడు. మేకును కొంచెం ఏటవాలుగా కొడతాడు, మొన గిట్ట పక్కనుంచి బయటికి రావాలి. లోపలికి పోతే మాంసంలో దిగి ఎద్దు కుంటుపడుతుంది. బయటికి వచ్చిన మొనను తుంచి, సుత్తితో మడిచి, ఆకురాయితో రుద్దుతాడు. కట్లు విప్పగానే ఎద్దు ఒక్క ఉదుటున లేచి, కొత్త కాళ్లు వచ్చినట్టు అడుగులు ఎత్తెత్తి వేస్తుంది. ఇంత నెత్తురు భయం, ఇంత నేర్పు ఉన్న ఇనుము గనుకే అది మామూలు మేకులాంటిది కాదన్న భావన నిలిచింది.

గుమ్మానికి ఏ నాడా అయినా పనికిరాదు. పెద్దవాళ్లు చెప్పే షరతులున్నాయి. అంగట్లో కొన్న కొత్తది కాకూడదు, గుర్రం కాలికి అరిగి ఉండాలి. ఊడదీసింది కంటే తనంతట ఊడి పడింది మేలు. నల్ల గుర్రానిదైతే ఇంకా మేలు. నల్ల గుర్రం నాడాతో ఉంగరం చేయించి శనివారం పూట కుడిచేతి మధ్యవేలికి పెట్టుకుంటే ఏలినాటి శని పీడ తగ్గుతుందని నమ్మకం. ఆ ఉంగరాన్ని నిప్పులో కాల్చకుండా సుత్తితోనే వంచాలని కొందరు పట్టుబడతారు. ఇందులో ఒక చిక్కుముడి ఉంది. ఇనుము శనికి చెందిన లోహం. శనివారం ఇనుము కొనరు, ఇంటికి తేరు, ఒకరి చేతి నుంచి ఒకరు అందుకోరు. అదే ఇనుమును అదే శనివారం వేలికి తొడుక్కుంటారు. భయపెట్టే గ్రహం ముద్రను ముందే ఒంటిమీద వేసుకుంటే ఆ గ్రహం మళ్లీ కొత్తగా పట్టేదేమీ ఉండదన్న తర్కం అది. తేలుకాటుకు తేలునే మందు చేసే పాత వైద్యాల వరస. గుర్రం లక్షణాల మీద కూడా ఇలాంటి లెక్కలే ఉన్నాయి. నాలుగు కాళ్లూ, నుదురూ తెల్లగా ఉన్న పంచకళ్యాణి ఇంటికి సిరి. సుడి తప్పుచోట ఉంటే కీడు. ఇప్పటికీ ఎద్దును కొనేటప్పుడు పళ్లతో పాటు సుళ్లూ చూసే రైతులు పులివెందుల వైపు ఉన్నారు.

నాడాకు పవిత్రత తెచ్చిన దారి మరొకటి ఉంది, అది పీర్ల పండుగ. క్రీ.శ. 680లో కర్బలా మైదానంలో ఇమాం హుసేన్ ప్రాణం విడిచినప్పుడు ఆయన గుర్రం జుల్జనా ఖాళీ జీనుతో గుడారాలకు తిరిగి వచ్చిందని కథ. ఆ గుర్రం గుర్తుగా దక్కన్‌లో నాడా ఆకారంలో పీరును నిలుపుతారు, నాల్‌సాహెబ్ అంటారు. తెలుగునేల మీద పుట్టిన జాఫర్ షరీఫ్ దక్కన్ ముస్లింల ఆచారాలను రాయగా, మద్రాసు సర్కారు వైద్యుడు హెర్‌క్లాట్స్ అనువదించి 1832లో లండన్‌లో అచ్చువేయించిన పుస్తకంలో ఈ నాల్‌సాహెబ్ సంగతి వివరంగా ఉంది. బంగారం, వెండి మొదలు కర్ర, కాగితం దాకా ఎవరి స్తోమతను బట్టి వాళ్లు మామూలు లాడం కంటే కాస్త పెద్దదిగా చేయించి, కర్రకు కట్టి వీధుల్లో పరుగెత్తేవారట. పిల్లలు లేని తల్లులు మొక్కుకునేవారట, బిడ్డ పుడితే నాల్‌సాహెబ్ వెంట పరుగెత్తిస్తామని. రాయలసీమలో పీర్ల చావిడికి పోని హిందూ కుటుంబం తక్కువ. చక్కెర చదివింపులు, గుండం, మొక్కులు అందరివీ. ఉసేనప్ప, మస్తానమ్మ అన్న పేర్లు ఇంటింటా వినిపించే సీమ ఇది. గుర్రపు నాడా దండు వస్తువుగా వచ్చి దేవుడి వస్తువు కావడానికి, నా లెక్కలో, శనిగ్రహం కంటే పీర్ల చావిడి పాత్రే పెద్దది.

ఇంగ్లీషువాళ్ల నుంచి నేర్చుకున్న ముచ్చట ఇది అనేవాళ్లున్నారు. వాళ్ల దేశంలోనూ ఈ నమ్మకం బలంగానే ఉంది, కాదనలేం. కాంటర్బరీ ఆర్చిబిషప్ డన్‌స్టన్ 10వ శతాబ్దపు మనిషి. లోహపు పని తెలిసినవాడు. సైతాను కాలికే లాడం కొట్టి ఏడిపించాడని, నాడా ఉన్న గడప తొక్కనని మాట తీసుకున్నాడని కథ. 1696లో జాన్ ఆబ్రీ లండన్ పడమటి వాడలో చాలా ఇళ్ల గడపలకు నాడాలున్నాయని రాశాడు. ఓకమ్ కోటలో 200కు పైగా నాడాలు గోడల నిండా వేలాడుతున్నాయి. ఆ ఊరు వచ్చిన ప్రభువు ఎవరైనా ఒకటి ఇచ్చుకోవాలన్నది అక్కడి పాత రివాజు. మనం కొమ్ములు పైకా కిందికా అని వాదించుకుంటాం గానీ, ఆ కోటలో అన్నీ కొమ్ములు కిందికే. అయితే వాళ్లు ఆ ఇనుముతో భయపెట్టింది సైతాను, మంత్రగత్తెలతో పాటు ‘ఫెయిరీ’లను కూడా. కొండల్లో, చెరువుల్లో ఉండే అందమైన జాతి అది. పసిబిడ్డలను ఎత్తుకుపోతుంది, పొలం మీద కోపగిస్తుంది. స్కాట్లండ్‌లో అబర్‌ఫాయిల్ పాదిరీ రాబర్ట్ కర్క్ 1691లో వాళ్ల గురించి ఒక గ్రంథమే రాశాడు, ఇనుమంటే వాళ్లకు సరిపడదని అందులో ఉంది. వేల్స్ కథల్లో సరస్సులోంచి వచ్చిన కన్య మనిషిని పెళ్లాడుతుంది, ఒంటికి ఇనుము తాకించవద్దని షరతు పెడుతుంది. గుర్రాన్ని పట్టే తొందరలో భర్త విసిరిన కళ్లెం ముక్క ఆమెకు తగులుతుంది. అంతే, ఆమె ఇక కనిపించదు.

మనకూ ఇనుము కాపలా ఉంది, అదీ గుర్రపు నాడా కంటే పాతది. రాకాసి గుళ్లని జనం పిలిచే బృహత్ శిలాయుగపు సమాధుల్లో చనిపోయినవారి పక్కన ఇనుప పనిముట్లు దొరుకుతాయి. నేటికీ బాలింత మంచం కింద ఇనుపముక్క ఉంటుంది. పెళ్లికొడుకు చేతిలో మొనకు నిమ్మకాయ గుచ్చిన కత్తి ఉంటుంది. రాత్రిపూట కూర గిన్నె పొలిమేర దాటించాలంటే మూత మీద బొగ్గో మేకో పెడతారు. తలకొరివి పెట్టినవాడు కర్మ ముగిసేదాకా ఇనుము దగ్గర ఉంచుకుంటాడు. గుర్రపు నాడా వచ్చి ఈ వరసలో చేరింది, వరసను మొదలుపెట్టలేదు. కాబట్టి ఇంగ్లీషు దొర నేర్పాడనడం నాకు సరిగా తోచదు.

ఇక్కడే ఒక తేడా ఉంది, దాన్ని తేలిగ్గా దాటిపోకూడదు. మన ఇనుము ఆపేది గాలినీ ధూళినీ, దిష్టినీ, చచ్చి తిరిగే దెయ్యాలనూ. ఫెయిరీలకు సాటి రాగల మన అక్కదేవతల మీద ఎవరూ ఇనుము ఎత్తరు. చెరువుకట్ట మీద, కోనలో ఊట దగ్గర, వేపచెట్టు మొదట్లో పసుపు పూసిన ఏడు రాళ్లు వాళ్లవి. ఏడుగురు అక్కచెల్లెళ్లు, పక్కన తమ్ముడు పోతురాజు. మిట్టమధ్యాహ్నం జుట్టు విరబోసుకుని బావి దగ్గరికి పోవద్దని ఆడపిల్లలకు చెప్పేది వాళ్ల భయంతోనే. పిల్ల జ్వరంతో పలవరిస్తే “అక్కలు సోకినారేమో, పోయి పసుపు పెట్టి రాండి” అంటుంది ఇంటి పెద్దమ్మ. అప్పుడు తీసుకుపోయేది కత్తీ కాదు, నాడా కాదు. పసుపు, కుంకుమ, గాజులు, రవికగుడ్డ, నానబెట్టిన పెసరపప్పు, చలిమిడి. ఇంటి ఆడబిడ్డకు పెట్టే సారే అది.

కథల్లోనూ అంతే. మన జానపద కథలో దేవకన్యలు కొలనులో స్నానానికి దిగుతారు, పశులకాపరి ఒకామె చీర దాచి పెళ్లాడతాడు. పిల్లలు పుట్టాక, దాచిన చీర దొరికిన రోజు ఆమె వెళ్లిపోతుంది. వేల్స్ కన్యను తరిమింది ఇనుము, మన కన్యను పంపించింది ఆమె చీర ఆమెకు దొరకడం. తరమవలసిన దాన్ని తరిమి, ఇంటికి రప్పించవలసిన దాన్ని రప్పించే రెండు పద్ధతులు ఒకే ఊళ్లో, ఒకే ఇల్లాలి చేతుల్లో ఉన్నాయి. ఆమెకు ఏది ఎక్కడ వాడాలో బాగా తెలుసు. దీన్ని మూఢత్వమని ఒక్క ముక్కలో కొట్టిపారేసేవాళ్లు ఆ తెలివిని చూడటం లేదు. జ్వరానికి వైద్యుడి దగ్గరికి పోవలసిందే, అందులో రెండో మాట లేదు. ఏలినాటి శని పేరు చెప్పి వందల రూపాయలకు పోత ఉంగరాలు అంటగట్టేవాళ్లను నిలదీయవలసిందే. అంతమాత్రాన చెరువుకట్ట మీది ఏడు రాళ్లకు పసుపు రాసే చేతిని హేళన చేసే హక్కు మనకు రాదు.

శని భయం ఉన్నవాళ్లు ఉంగరంతో ఆగరు, గుడికీ పోతారు. పులివెందుల వైపు పోతే వేంపల్లె దాటాక, పాపఘ్ని నది శేషాచలం కొండలను చీల్చుకుని వచ్చే గండి ఉంది. రాముడు బాణం మొనతో బండ మీద ఆంజనేయుణ్ణి గీశాడని, చిటికెన వేలు మాత్రం మిగిలిపోయిందని స్థలపురాణం. రాముడికి స్వాగతంగా వాయుదేవుడు రెండు కొండలకూ నడుమ బంగారు తోరణం కట్టాడని, అది ఇప్పటికీ ఉందని, చావు దగ్గరపడిన పుణ్యాత్ములకే కనబడుతుందని చెబుతారు. ఈ తోరణాన్ని సర్ థామస్ మన్రో చూశాడన్న కథ జిల్లా గెజిటీరుకూ ఎక్కింది. మన్రో 1761లో గ్లాస్గోలో పుట్టాడు, అంటే కర్క్ పాదిరీ ఫెయిరీల గురించి రాసిన స్కాట్లండ్ బిడ్డే. 1800 నుంచి ఏడేళ్లు దత్తమండలాల కలెక్టరు, తర్వాత మద్రాసు గవర్నరు. కనుమలో పోతూ పైకి చూసి, ఆ బంగారు తోరణం ఎవరు కట్టారని అడిగాడట. వెంట ఉన్నవాళ్లకు ఏమీ కనబడలేదు, అర్థం తెలిసిన ముసలాయన మాత్రం తల దించుకున్నాడట. 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మన్రో చనిపోయాడు. దొర చావుకు జనం చెప్పుకున్న కారణం ఇది. మనిషి మీద మమకారం లేకుంటే అలాంటి చావు ఆయనకు కట్టబెట్టరు. ఆయన పేరు పిల్లలకు పెట్టుకున్న కుటుంబాలు ఈ సీమలో ఉన్నాయి.

శ్రావణ శనివారాల్లో గండికి జనం పోటెత్తుతారు. ఆంజనేయుడికి శని లొంగినవాడని నమ్మకం గనుక, వేలికి నల్ల గుర్రం నాడా ఉంగరం ఉన్నవాడు కూడా ఆకుపూజ టికెట్టు కొని వరసలో నిలబడతాడు. ఒక్క ఇనుము మీదే భారమంతా వేసి ఇంట్లో కూర్చునేవాళ్లు ఇక్కడ తక్కువ. గుర్రం కథ కూడా ఇంకా కొంత ఉంది. నవాబు తన చూడిగుర్రం కడుపులో పిల్ల ఎలాంటిదో చెప్పమని పోతులూరి వీరబ్రహ్మంగారిని పరీక్షించిన సంగతి, దూదేకుల సిద్ధయ్య ఆయన శిష్యుడైన సంగతి వచ్చే సంచికలో.

(సశేషం)